క్యాసెట్ అట్ట మీద లేని పేర్లు



మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా బీజాపూర్ రోడ్డు మీద పోయేవాళ్లకు ఆ మర్రిచెట్లు తెలుసు. ఆ చెట్ల నీడన ఉండే చాయ్ హోటళ్లు తెలుసు. కొంచెం వయసు మీరినవాళ్లకైతే ఆ హోటళ్లలో చక్కెర డబ్బా పక్కన మోగే టేప్‌రికార్డరు కూడా గుర్తుండాలి. పొద్దున దేవుని పాటలు. మధ్యాహ్నం సినిమా పాటలు. కూరగాయలు మెహదీపట్నంలో దించి వచ్చినవాళ్లు, కూలికి పోయి వచ్చినవాళ్లు సాయంత్రం బల్లల మీద కూలబడ్డాక ఇంకో రకం పాట. ముందు డప్పు. తర్వాత గజ్జెలు. ఆ తర్వాత గొంతు.

ఆ గొంతు ఎవరిదని అడిగితే మీరందరూ ఒకే పేరు చెప్తారు. గద్దర్.

సరే. మరి ఆ డప్పు ఎవరిది?

ఇవాళ నా ముచ్చట దాని గురించే. గద్దర్ తొలినాటి పాటల గురించి, ఆ పాటల వెనక నిలబడి వాయించినవాళ్ల గురించి. పాడినాయన పేరు మనకు తెలుసు. వాయించినవాళ్ల పేర్లు తెలియవు. ఎందుకు తెలియకుండా పోయాయి? అది కాస్త వివరంగా చెప్పుకోవలసిన సంగతే.

ముందు పాటగాడి గురించి రెండు మాటలు. అసలు పేరు గుమ్మడి విఠల్. ఊరు మెదక్ జిల్లా తూప్రాన్. తల్లి లచ్చుమమ్మ, తండ్రి శేషయ్య. హైదరాబాద్‌లో బి. నర్సింగరావు పరిచయమయ్యాడు. తర్వాతి కాలంలో సినిమాలు తీసిన నర్సింగరావే ఈయన. అప్పట్లో ఆర్ట్ లవర్స్ అని ఒక సంఘం నడిపేవాడు. 1971లో ఆయన ప్రోత్సాహంతో విఠల్ ఒక పాట కట్టాడు. రిక్షా తొక్కేవాణ్ని ఆపి, పలకరించి, నీ కష్టం ఎవరి పాలవుతోందని అడిగే పాట. మరుసటి ఏడు జననాట్యమండలి అనే ఉద్యమ పాటల బృందం మొదలైంది. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు వచ్చి కలిశాడు. విఠల్ తొలి పాటల సంపుటికి గదర్ పార్టీ పేరు పెట్టారు. 1913లో అమెరికాలో ఉన్న పంజాబీలు తెల్లదొరల మీద తిరుగుబాటుకు పెట్టుకున్న పార్టీ అది. సంపుటికి పెట్టిన పేరు మనిషికి అతుక్కుంది. విఠల్ గద్దర్ అయ్యాడు.

ఆ రోజుల్లోనే కొన్నేళ్లు కెనరా బ్యాంకులో ఉద్యోగం. 1975లో చేరి, 1984లో వదిలేశాడు. అంటే ఆయన తొలి పాటల్లో చాలా భాగం పగలు లెడ్జర్లు రాసి రాత్రి గజ్జె కట్టిన మనిషివి. ఇది చాలామంది మరిచిపోతారు.

ఇక అసలు సంగతికి వద్దాం.

పల్లెపాట రికార్డుల్లోకి ఎక్కడం గద్దర్‌తో మొదలు కాలేదు. అంతకు చాలా ముందే కాకినాడ ఆడపడుచులు, వింజమూరి సీత, అనసూయ, గ్రామఫోను కాలంలోనే మన పల్లెపాటలకు పట్నంలో పీట వేయించారు. రేడియో కూడా తన వంతు చేసింది. జానపద గేయాల కార్యక్రమం వస్తోందంటే ఇంట్లో పనులు ఆపి వినేవాళ్లుండేవాళ్లు. ఆ పాటల పక్కన వేణువు వినబడేది. వయొలిన్ వినబడేది. తబలా, డోలక్ వినబడేవి. వాయించింది ఎవరు? నిలయ విద్వాంసులు. పొద్దున కచేరీకి వాయించిన చేతులే సాయంత్రం నాట్ల పాటకూ వాయించేవి. చక్కగా వాయించేవాళ్లు, అందులో అనుమానం లేదు. కానీ ఆ నాట్ల పాట బురద మడిలో పుట్టినప్పుడు దాని పక్కన వయొలిన్ లేదు.

జననాట్యమండలి చేసిన పెద్ద మార్పు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వాళ్ల మాటల గురించి, రాజకీయాల గురించి చాలామంది చాలా రాశారు. వాయిద్యం గురించి రాసింది తక్కువ. పాటను వాళ్లు దాని ఊరి వాయిద్యంతో పాటే తెచ్చారు. డప్పు తెచ్చారు. డోలక్ తెచ్చారు. కాళ్లకు గజ్జెలు కట్టారు. పక్కన నలుగురు కోరస్ నిలబడ్డారు. అంతే.

డప్పును చూడనివాళ్లు మనలో లేరు. కానీ చూసినా, దాని పనితనం గమనించనివాళ్లు ఉంటారు. వాళ్ల కోసం చెప్తాను. గుండ్రటి చెక్క చట్రం. దాని మీద లాగి బిగించిన తోలు. భుజానికి తగిలించుకుంటారు. రెండు పుల్లలు. కుడిచేతిలో సిర్ర. అది పొట్టిగా, లావుగా ఉంటుంది. ఎడమచేతిలో సిటికెన పుల్ల. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. సిర్ర దరువును మోస్తుంది. సిటికెన పుల్ల ఆ దరువు నడుమ సందుల్లో చిటచిటలాడుతుంది. రెండూ కలిస్తేనే దరువు. కొట్టబోయే ముందు ఇంత గడ్డో కాయితాలో పోగేసి మంటపెట్టి, తోలును కాపుతారు. తోలు బిగిసి కంగుమనాలి. అప్పుడే భుజానికి ఎత్తుతారు.

దరువులు ఒకటి కాదు. పెండ్లికి ఒక దరువు. సావుకు ఒక దరువు. పీర్లు లేచినప్పుడు ఒకటి, బోనం ఎత్తినప్పుడు ఒకటి. చాటింపుకు ఇంకొకటి. ఇంట్లో మంచం మీద ఉన్న ముసలమ్మ కూడా దరువు చెవిన పడగానే, ఎవరో పోయిండ్రు బిడ్డా, అని చెప్తుంది. ఎవరూ వచ్చి కబురు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆలోచించండి. ఇట్లాంటి చెవులున్న జనం ముందు పాట ఎత్తుకోబోతున్నాడు పాటగాడు. నోట్లోంచి మాట రాకముందే దరువు మొదలైంది. ఆ దరువు వినగానే జనానికి సగం సంగతి తెలిసిపోయింది. ఇది ఏడ్పా, ఎగతాళా, కయ్యానికి కాలు దువ్వడమా, అన్నీ తెలిసిపోయాయి. మాట వచ్చి మిగతా సగం చెప్తుంది.

అందుకే ఆ తొలి పాటల్లో చరణాలు పొట్టి పొట్టిగా ఉంటాయి. దరువు తిరిగి వచ్చేలోగా మాట ముగియాలి. ముగియగానే కోరస్ అందుకుంటుంది. కోరస్ అందుకున్న ఆ కొద్దిసేపట్లో పాటగాడు ఊపిరి పీల్చుకుంటాడు, ఎగురుతాడు, జనం ముఖాలు చూస్తాడు, తర్వాతి మాట ఎట్లా వేయాలో నిర్ణయించుకుంటాడు. గద్దర్‌ను వేదిక మీద చూసినవాళ్లకు ఇది తెలుసు. గోచీ, భుజాన గొంగడి, చేతిలో కర్ర, దానికి ఎర్ర గుడ్డ. ఆయన ఆగినట్టు కనిపించే ప్రతిచోటా నిజానికి ఇంకొకరు పనిచేస్తున్నారు. డప్పు కొట్టేవాడు పనిచేస్తున్నాడు. డోలక్ వాయించేవాడు పనిచేస్తున్నాడు. కోరస్ పనిచేస్తోంది.

ఈ మాట మళ్లీ చెప్తాను, ఎందుకంటే నా ప్రసంగమంతా దీని మీదే నిలబడింది. ఆ పాటల్లో డప్పు పాట పక్కన వాయించిన వాయిద్యం కాదు. పాట కట్టడంలోనే అది ఉంది. దరువు కొలతకు మాట కట్టారు. కాబట్టి దరువు వేసినవాడికి ఆ పాటలో వాటా ఉంది.

డప్పు గురించి చెప్తూ ఇంకో సంగతి దాటేస్తే అబద్ధమవుతుంది. ఊళ్లో డప్పు పని ఎవరి మెడకు కట్టారో మీకు చెప్పనక్కర్లేదు. మాదిగవాడకు. చాటింపు వేయమంటే వేయాలి. శవం ముందు కొట్టమంటే కొట్టాలి. చాలాచోట్ల అది వెట్టి. ఆ వాయిద్యం మీద ఉన్న చిన్నచూపు, అది వాయించే మనిషి మీద కూడా ఉండేది. అలాంటి వాయిద్యాన్ని జననాట్యమండలి సభ నడిమధ్యకు తెచ్చింది. తర్వాత 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం దాన్ని ఆత్మగౌరవానికి గుర్తుగా ఎత్తిపట్టింది. జననాట్యమండలిలో ఒకాయనకు డప్పే ఇంటిపేరైంది. డప్పు రమేశ్. సంజీవ్ అని ఇంకొకరు గద్దర్‌తో ఏళ్ల తరబడి నడిచారు. ఈ పేర్లు విన్నవాళ్లు మీలో ఎందరు?

ఇప్పుడు క్యాసెట్ దగ్గరికి వద్దాం.

క్యాసెట్‌ను ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటపెట్టింది. మన ఊళ్లలోకి అది బాగా దిగింది ఎనభైల్లో. గ్రామఫోను రికార్డు వేయాలంటే పెద్ద కంపెనీ కావాలి. క్యాసెట్‌కు అక్కర్లేదు. ఒక రికార్డరు, కొన్ని ఖాళీ క్యాసెట్లు ఉంటే ఎవరైనా పాటను ఇంకో ఊరికి పంపొచ్చు. ఉద్యమ పాటకు ఇంతకంటే ఏం కావాలి?

అయితే క్యాసెట్‌కు దాని ఇరుకు దానికుంది. అరవై నిమిషాల క్యాసెట్ అంటే ఒక పక్కకు ముప్పై నిమిషాలు. సభలో గద్దర్ ఒక్క పాటనే ఇరవై నిమిషాలు నడిపించగలిగేవాడు. నడుమ ముచ్చట చెప్పేవాడు, ఎవరినో వెక్కిరించేవాడు, ఏడిపించేవాడు, మళ్లీ పల్లవి అందుకునేవాడు. క్యాసెట్లో అంత చోటెక్కడిది? పాట కుదించుకుపోయింది. ముచ్చట పోయింది. ఎగిరిన ఎగురు కనబడదు. మిగిలింది గొంతు, దరువు.

పెద్ద సినిమా స్టూడియోల్లో గొంతును ఒక ట్రాక్ మీద, వాయిద్యాలను వేరే ట్రాకుల మీద ఎక్కించి తర్వాత కలుపుకునే వీలుండేది. చేతిలో డబ్బు లేని బృందాలకు అది అందేది కాదు. ఒకటో రెండో మైకులు. ఒకటే గది. అందరూ ఒకేసారి. మూడో చరణంలో ఒకరి చేయి తడబడితే మొదటి నుంచి మళ్లీ.

అక్కడ డప్పుతో తంటా చూడండి. ఆరుబయట నాలుగు వీధుల అవతలికి వినబడాలని చేసిన వాయిద్యం అది. చిన్న గదిలో కొడితే మైకు తట్టుకోలేదు. సౌండు పగిలిపోతుంది. గొంతు వినబడదు. ఏం చేయాలి? డప్పు కొట్టేవాణ్ని వెనక్కి జరుపుతారు. ఇంకొంచెం వెనక్కి. ఇంకొంచెం. గోడకు ఆనేదాకా, ఒక్కోసారి గుమ్మం దాటేదాకా. పాడేవాడు మైకు ముందే ఉంటాడు. పైగా కాపిన తోలు చల్లారితే సడలుతుంది, శ్రుతి దిగిపోతుంది. స్టూడియో లోపల మంట పెట్టనివ్వరు కదా. రెండు పాటలకొకసారి బయటికి పోయి కాపుకుని రావాలి. అందరూ అతని కోసం ఎదురుచూడాలి. రికార్డింగులో ఎక్కువ కష్టం ఎవరిదంటే నేను డప్పు కళాకారుడిదే అంటాను. బయటికి వచ్చిన క్యాసెట్లో అతని చప్పుడు అన్నిటికంటే దూరంగా వినబడుతుంది.

ఇంక ఆ క్యాసెట్ ఊళ్లకు ఎట్లా చేరింది? దుకాణం అద్దాల వెనక మెరుస్తూ కాదు. పోలీసుల కంట పడితే ఎందుకొచ్చిన గొడవ అనుకునే రోజులు. చేతి నుంచి చేతికి పోయేది. రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డరు ఎవరింట్లో ఉంటే వాళ్లింట్లో కాపీ అయ్యేది. ఆ కాపీకి ఇంకో కాపీ. అట్ట ఉండదు. ఉత్త క్యాసెట్ మీద కాయితం ముక్క అంటించి, బాల్‌పెన్నుతో రెండే మాటలు రాసేవాళ్లు. గద్దర్ పాటలు.

పేర్లు పోయింది అక్కడ. వాయించినవాళ్ల పేర్లే కాదు, రాసినవాళ్ల పేర్లు కూడా పోయాయి. గూడ అంజయ్య సంగతే చూడండి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా లింగాపురం వాడు. ఊరు మనది, వాడ మనది అని చెప్పే ఆయన పాట ఎన్నో భాషల్లోకి వెళ్లింది. దాన్ని గద్దర్ పాటగా చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంకో ఉదాహరణ మీరు కళ్లారా చూసిందే. మా భూమి సినిమా. 1979లో తయారైంది. గౌతమ్ ఘోష్ దర్శకుడు, నర్సింగరావు నిర్మాత. అందులో గద్దర్ తెర మీదికి వచ్చి, నైజాం సర్కారును నిలదీస్తూ ఒక పాట పాడతాడు. అది ఆయన రాసింది కాదు. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట. గద్దర్ గొంతులో అది ఎంత కుదిరిందంటే, యాదగిరి పేరు మళ్లీ మళ్లీ గుర్తు చేయాల్సి వస్తోంది. ఆ సినిమాకు సంగీతం చేసినవాళ్లలో ఒకరెవరో తెలుసా? ఇందాక చెప్పిన వింజమూరి సీతాదేవి. రేడియో జానపదమూ ఉద్యమ జానపదమూ ఒకే సినిమాలో కలుసుకున్నాయి. ఇదో చిత్రం.

పేర్లు ఎందుకు పోయాయి అన్నదానికి కాపీ క్యాసెట్ ఒక కారణం. ఇంకో రెండున్నాయి. ఒకటి, పాట ఒక్కరిది కాదు, బృందానిది, జనానిది అని వాళ్లు నమ్మారు. జనం ముందు పాడి, జనం పెదవి విరిచిన చోట మాట మార్చి, మళ్లీ పాడేవాళ్లు. అట్లాంటి చోట పేరు వేసుకోవడం సిగ్గుగా ఉండేది. రెండోది, భయం. పేరు అచ్చయితే పోలీసులు ఇంటికి వస్తారు. గద్దరే 1985 తర్వాత అజ్ఞాతంలోకి వెళ్లాడు. పేరు లేకపోవడమే ఆ రోజుల్లో రక్ష. ఈ రెండు కారణాలనూ నేను గౌరవిస్తాను.

నేను గౌరవించలేని కారణం ఇంకొకటి ఉంది. అజ్ఞాతం ముగిసింది, నిర్బంధం సడలింది, క్యాసెట్లకు రంగుల అట్టలు వచ్చాయి. అప్పుడూ డప్పు కళాకారుడి పేరు అట్ట మీదికి రాలేదు. గాయకుడి ఫొటో వచ్చింది. కంపెనీ పేరు వచ్చింది. నిర్మాత పేరు వచ్చింది. ఇక అప్పుడు భయం అని చెప్పుకోవడానికి లేదు, అది అలవాటే. ఆ అలవాటు వెనక, డప్పు కొట్టడం కూడా ఒక విద్యేనా అనే పాత చిన్నచూపు కొంచెం ఉందని నేను అనుకుంటాను.

ఒక్కసారి మన ఊరు దాటి చాలా దూరం పోదాం. అమెరికా. బాబ్ డిలన్ పేరు మీరు వినే ఉంటారు. సాహిత్యానికి నోబెల్ వచ్చిన పాటగాడు. ఆయన మొదటి ఆల్బం 1962లో వచ్చింది. అందులో ఆయనే పాడాడు, ఆయనే గిటార్, ఆయనే మౌతార్గాన్. పక్కన ఇంకెవరూ లేరు. రెండో ఆల్బంలో ఒకటీ అరా పాటకు పక్కవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకడు బ్రూస్ లాంగ్‌హార్న్. న్యూయార్కులోని హార్లెంలో పెరిగిన నల్లజాతి గిటారిస్టు. చిన్నప్పుడు టపాకాయ పేలి కుడిచేతి వేళ్లు కొన్ని పోయాయి. మిగిలిన వేళ్లతోనే గిటార్ నేర్చుకున్నాడు. వేళ్లు తక్కువ కాబట్టే ఇంకెవరికీ రాని ఒక పద్ధతి అతనికి వచ్చింది. జోన్ బయేజ్‌కు వాయించాడు, ఒడెట్టాకు వాయించాడు. 1965 జనవరిలో డిలన్ అయిదో ఆల్బం మూడే రోజుల్లో రికార్డు చేస్తే, అందులోనూ లాంగ్‌హార్న్ గిటార్ వినబడుతుంది.

ఇక్కడ మన చెవి నిక్కబొడుచుకునే సంగతి ఉంది. లాంగ్‌హార్న్ దగ్గర ఒక పెద్ద వాయిద్యం ఉండేది. టర్కీ దేశపుది. గుండ్రటి చట్రం, దాని మీద బిగించిన తోలు, లోపల చిన్న చిన్న గంటలు. అంటే వరసకు మన డప్పుకు అన్నదమ్ముడే. అది బండిచక్రమంత ఉండేదని డిలన్ తర్వాత చెప్పుకున్నాడు. దాన్ని వాయించే లాంగ్‌హార్న్‌ను చూసే, టాంబరిన్ వాయించేవాణ్ని పిలిచి పాడమని అడిగే తన ప్రసిద్ధమైన పాట పుట్టిందనీ చెప్పాడు. చూడండి. పాట పక్కన వాయించేవాడు పాటలోకి మనిషిగా వచ్చేశాడు. అయినా లోకానికి తెలిసిన పేరు డిలన్‌ది. లాంగ్‌హార్న్ 2017లో పోయినప్పుడు పత్రికలు అతనెవరో విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

అయితే అక్కడికీ ఇక్కడికీ ఒక తేడా ఉంది. అక్కడ పాట ముందు పుట్టింది. రాసుకుని స్టూడియోకు తెచ్చాక వాయించేవాడు వచ్చాడు. కాల్షీటుకు ఇంతని తీసుకుని ఇంటికి పోయాడు. మన దగ్గర వాయించేవాడు పాట పుట్టినప్పుడే పక్కన ఉన్నాడు. ఊళ్లు తిరిగాడు, దెబ్బలు తిన్నాడు. గద్దర్ బృందంలో డప్పు పట్టినవాడు కిరాయికి వచ్చినవాడు కాదు. అతనికి కాల్షీటు లేదు. సరిగ్గా చెప్పాలంటే కిరాయీ లేదు, పేరూ లేదు.

1990 ఫిబ్రవరిలో గద్దర్ బృందం బయటికి వచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడింది. రెండు లక్షల మంది దాకా వచ్చారని చెప్పుకున్నారు. ఆ సభ గురించి నేను ఎక్కువ చెప్పను, ఇప్పటికే చాలా చెప్పారు. ఒక్క మాట. లక్షల మంది ముందు గొంతుకు మైకు కావాలి. డప్పుకు అక్కర్లేదు. స్టూడియోలో గోడకు ఆనుకున్న మనిషి అక్కడ మళ్లీ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

ఆ తర్వాత కథ మారింది. 2002లో కామారెడ్డిలో ధూంధాం అనే ఆటపాటల సభ మొదలైంది. రసమయి బాలకిషన్ లాంటివాళ్లు పాటను తెలంగాణ ఉద్యమం ముందు నడిపించారు. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. హైదరాబాద్‌లో చిన్న చిన్న స్టూడియోలు పుట్టాయి. కీబోర్డు వచ్చింది, రిథమ్ ప్యాడ్ వచ్చింది. పొద్దున అయ్యప్ప పాటలకు వాయించిన కీబోర్డు కళాకారుడే సాయంత్రం ఉద్యమ పాటకూ వాయించాడు. ఎన్నికలొస్తే ఒక పార్టీ పాటకు పొద్దున, దాన్ని తిట్టే పార్టీ పాటకు రాత్రి. ఇది నిందగా చెప్పడం లేదు. అది అతని బతుకుదెరువు. పల్లెపాటకు కాల్షీటు మనిషి వచ్చింది అప్పుడే.

అతను రావడంతో ఒక మేలు జరిగింది, ఒక నష్టం జరిగింది. మేలు ఏమిటంటే, పనికి డబ్బు అనే మాట మొదలైంది. నష్టం ఏమిటంటే, పాట కట్టేటప్పుడు పక్కన దరువు లేదు. పాట ముందు ఫోన్లో రికార్డయి వస్తుంది. దాని కింద దరువు తర్వాత అతికిస్తారు. కొన్ని పాటల్లో మాట పొడుగై, దరువు దాని వెనక పరుగెత్తుతుంటే మీరు విని ఉంటారు. చెవికి ఏదో కుదరలేదనిపిస్తుంది. కారణం ఇదే.

ఇప్పుడు యూట్యూబ్ కాలం. తెలంగాణ జానపదానికి అక్కడ ఉన్న గిరాకీ మీ ఇంట్లో పిల్లలను అడిగితే చెప్తారు. పాట కింద పేర్లు కూడా బోలెడు వేస్తున్నారు. గాయకులు, రచయిత, సంగీతం, నటీనటులు, కెమెరా, డ్రోన్, ఎడిటింగు, పోస్టర్ డిజైన్. డ్రోను ఎగరేసినవాడి పేరుంది. చాలా పాటల కింద డప్పు కొట్టినవాడి పేరు మాత్రం ఇప్పటికీ లేదు. ఒక్కోసారి నిజంగానే మనిషి లేడు కూడా. ఎప్పుడో, ఎక్కడో ఎవరో కొట్టిన నాలుగు దెబ్బలను కంప్యూటర్లో దాచుకుని, వాటినే తిప్పి తిప్పి వేస్తారు. లూప్ అంటారు దాన్ని. ఆ నాలుగు దెబ్బలు ఎవరి చేతివో కంప్యూటరుకు తెలియదు. ఊరేగింపుల్లో తోలు డప్పు స్థానంలో ఫైబర్ డప్పు వచ్చింది. నట్లు బిగిస్తే చాలు, మంట అక్కర్లేదు, వానకు తడవదు. వాయించేవాళ్లకు సుఖమే. కానీ తోలు పలికే ఆ లోతైన చప్పుడు దానికి రాదు.

2024లో అందెశ్రీ రాసిన గీతాన్ని రాష్ట్రగీతంగా ప్రకటించి, కీరవాణి చేత సంగీతం చేయించినప్పుడు రాష్ట్రమంతా వాదనలు నడిచాయి. సంగీతం ఎవరు చేయాలన్నది ఆ వాదన. మంచి వాదనే. అందులో వాయించేవాళ్లెవరు అనే ప్రశ్న మాత్రం నా చెవిన పడలేదు.

చివరిగా ఒక చట్టం సంగతి చెప్పి ముగిస్తాను. కాపీరైటు చట్టం 1957 నాటిది. 1994లో దాన్ని సవరించి, ప్రదర్శన చేసేవాడు అంటే ఎవరో అందులో రాశారు. నటుడు ఉన్నాడు. గాయకుడు ఉన్నాడు. వాద్యకారుడు ఉన్నాడు. నాట్యం చేసేవాడు, గారడీ చేసేవాడు, చివరికి పాములాడించేవాడు కూడా ఉన్నాడు. ఉపన్యాసం చెప్పేవాడూ ఉన్నాడు, అంటే ఈ పూట నేను కూడా. 2012లో మళ్లీ సవరించారు. వాద్యకారుడితో సహా వీళ్లందరికీ, ఇది నేను చేసిన ప్రదర్శన అని తమ పేరు చెప్పుకునే హక్కు ఇచ్చారు. వాడిన తీరును బట్టి పేరు వేయడం కుదరని చోట తప్ప, పేరు వదిలేయకూడదు. దాన్ని వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీలో వాటా ఉందని కూడా చెప్పారు.

మొయినాబాద్‌లోనో, చేవెళ్లలోనో, ఆ చుట్టుపక్కల ఊళ్లలోనో డప్పు, డోలక్ వాయించేవాళ్లు ఈ మాట వింటుంటే మీకొక సంగతి చెప్పాలి. ఈసారి స్టూడియో నుంచి పిలుపు వచ్చినప్పుడు, డబ్బులు మాట్లాడుకునే పూటే, వీడియో కింద మీ పేరు, మీ ఊరి పేరు, మీరు వాయించే వాయిద్యం పేరు వేయమని అడగండి. నోటిమాటగా వదిలేయకండి. కాయితం మీద రాయించుకోండి, కనీసం వాట్సాప్‌లోనైనా పెట్టించుకోండి. పాట అప్‌లోడ్ కాకముందే అడగండి.